గవర్నర్ తెలుగాయనే, మరి మన అర్జీ ఆయనకే పంపాలా?

రాయగడలో మా పెదనాన్న మొన్న నాచేత ఒక అర్జీ రాయించారు. పైన ‘గౌరవనీయులైన ఒడిశా గవర్నర్ గారికి’ అని తెలుగులోనే. కింద మూడు కోరికలు. పద్దెనిమిదేళ్ల కిందట ఒక కోదు ఆదివాసీ కుటుంబం దగ్గర కొన్న స్థలానికి పట్టా ఇప్పించాలి. వీధి బడిలో తెలుగు చెప్పే మాస్టారిని వేయించాలి. విశాఖ వైపు ఇంకో పగటి రైలు వేయించాలి.

“భువనేశ్వర్‌లో కూర్చున్నది మన తెలుగాయన. విశాఖ ఎంపీగా చేసినాయన. మన బాధ మన భాషలో చెబితే ఆయనకి అర్థం కాదేంట్రా?” అన్నారు.

అర్థమవుతుంది. కానీ ఆ మూడింటిలో దేనికైనా గవర్నర్ సంతకం పనికొస్తుందా అని చూడబోతే, సంగతి అనుకున్నంత సులువుగా తేలలేదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం, ఎక్కడ నలుగురు తెలుగువాళ్లు కలిసినా ఇదే ఆశ వినిపిస్తోంది. కాబట్టి గవర్నర్ పని ఏమిటో, మన జిల్లాల్లో అది ఎందుకు కొంచెం వేరుగా ఉంటుందో మొదటి నుంచి చూద్దాం.

మనిషి తెలుగు, కుర్చీ ఒడిశాది

మా పెదనాన్న చెప్పిన గవర్నర్ కంభంపాటి హరిబాబు ప్రకాశం జిల్లాలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పారు. 2014లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. 2021లో మిజోరం గవర్నర్ అయ్యారు. ఒడిశా గవర్నర్‌గా ఉన్న రఘుబర్ దాస్ రాజీనామా చేశాక ఆయన్ని ఇక్కడికి మార్చారు. 2025 జనవరి 3న ప్రమాణ స్వీకారం చేశారు.

తెలుగువాళ్లు ఈ పదవిలోకి రావడం ఇదే మొదలు కాదు. 1993 నుంచి 1995 దాకా బి. సత్యనారాయణరెడ్డి ఒడిశా గవర్నర్‌గా ఉన్నారు. దానివల్ల సరిహద్దు తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఏదైనా ఒరిగిందని చెప్పినవాళ్లు మాత్రం నాకు ఇంతవరకూ తగల్లేదు.

అసలు గవర్నర్ బయటి రాష్ట్రం మనిషే అయివుండాలన్నది ఆనవాయితీ. కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ కూడా ఇదే చెప్పింది. ఊరివాడైతే ఊరి రాజకీయాల్లో ఏదో ఒక పక్క చేరతాడన్నది ఆ భయం. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఉత్తరప్రదేశ్‌కు, కేరళకు, మైసూరుకు గవర్నర్‌గా వెళ్లారు, ఒడిశాకు మాత్రం కాదు. ప్రమాణంలో కూడా ‘ఈ రాష్ట్ర ప్రజల సేవకు, శ్రేయస్సుకు అంకితమవుతాను’ అని ఉంటుంది. అందులో మన భాషవాళ్లు, పక్క భాషవాళ్లు అనే తేడా లేదు.

‘నా ప్రభుత్వం’ అని చదువుతారు, ప్రభుత్వం ముఖ్యమంత్రిది

ఏటా బడ్జెట్ సమావేశాల మొదటి రోజు గవర్నర్ శాసనసభలో ప్రసంగిస్తారు. 2025 ఫిబ్రవరిలో హరిబాబు కూడా ఆ పని చేశారు. ఆ ప్రసంగమంతా ‘నా ప్రభుత్వం ఇది చేసింది, నా ప్రభుత్వం అది చేయబోతోంది’ అని సాగుతుంది. టీవీలో చూసినవాళ్లకు అవన్నీ గవర్నర్ ప్రాధాన్యాలే అనిపిస్తాయి. కాదు. ఆ ప్రసంగం రాసేది మంత్రివర్గం. గవర్నర్ చదువుతారు. మంత్రివర్గం సలహా మేరకే గవర్నర్ నడుచుకోవాలని రాజ్యాంగంలోని 163వ అధికరణం చెబుతుంది. రాజ్యాంగమే విడిగా వదిలిన కొద్ది విషయాల్లో తప్ప గవర్నర్‌కు సొంత నిర్ణయం లేదని 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మన ఇళ్లలోంచే ఒక లెక్క తీసుకుందాం. గుణుపురంలో ఒకావిడకు సుభద్ర డబ్బు పడలేదనుకోండి. 21 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న మహిళలకు ఏడాదికి 10,000 రూపాయల చొప్పున అయిదేళ్లలో 50,000 ఇచ్చే పథకం అది. 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. తెచ్చింది ముఖ్యమంత్రి మోహన్ చరణ్ మాఝీ ప్రభుత్వం, నడిపేది మహిళా శిశు అభివృద్ధి శాఖ. ఆధార్‌కీ బ్యాంకు ఖాతాకీ లింకు తెగిందా, ఈ-కేవైసీ ఆగిందా అని చూడాల్సింది అంగన్‌వాడీ దగ్గర, బ్లాకు ఆఫీసులో. అక్కడా తేలకపోతే కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు వినే జాయింట్ గ్రీవెన్స్ ఉండనే ఉంది. ధాన్యానికి ప్రభుత్వం చెప్పిన ధర అందలేదన్నా ఇంతే. గవర్నర్ చేతిలో ఈ పథకాలకు డబ్బూ లేదు, జాబితా అంతకన్నా లేదు.

మరి గవర్నర్ సొంత ప్రాధాన్యాలు అనేవి ఉండవా? ఉంటాయి. ఏ జిల్లాకు వెళ్లాలి, కలెక్టర్‌తో కూర్చున్నప్పుడు ఏమడగాలి, స్నాతకోత్సవంలో పిల్లలకు ఏం చెప్పాలి, ఎవరికి ఉత్తరం రాయాలి అన్నవి ఆయన ఎంచుకోవచ్చు. రాష్ట్ర రెడ్‌క్రాస్ శాఖకు అధ్యక్షుడు కూడా గవర్నరే. దీన్ని నేను తీసిపారెయ్యను. గవర్నర్ వస్తున్నారంటే వారం ముందు నుంచే ఆఫీసుల్లో ఫైళ్లు కదలడం మనందరం చూసిందే. కాకపోతే అది మాట బలం, సంతకం బలం కాదు.

బిల్లు బల్ల మీదికి వచ్చినప్పుడు

శాసనసభ ఒక బిల్లు పాస్ చేశాక గవర్నర్ దానికి ఆమోదం తెలపవచ్చు, మళ్లీ ఆలోచించమని వెనక్కి పంపవచ్చు, రాష్ట్రపతికి నివేదించవచ్చు. ఎంతకాలంలోగా అన్నదే తగువు. తమిళనాడు గవర్నర్ బిల్లులు ఆపిన కేసులో 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ధర్మాసనం గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబర్ 20న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, కోర్టు అలా గడువులు పెట్టలేదని, అలాగని బిల్లును అంతులేకుండా అట్టేపెట్టుకోవడమూ కుదరదని అభిప్రాయం చెప్పింది. ఒడిశాలో ఇప్పుడు రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ ఒకే పార్టీ ఉంది కాబట్టి ఈ తగువు మన దాకా వచ్చే సూచన పెద్దగా లేదు.

ఛాన్సలర్ హోదా, జయపురం పాత బంధం

రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు గవర్నరే ఛాన్సలర్. అంటే 1967లో మొదలైన బరంపురం విశ్వవిద్యాలయానికి, జయపురంలోని విక్రమదేవ్ విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే. వెతుకులాట కమిటీ ఇచ్చిన పేర్లలోంచి వైస్‌ఛాన్సలర్‌ను నియమించేది ఛాన్సలర్. మామూలు రోజుల్లో గవర్నర్ సంతకానికి నిజంగా విలువున్న చోటు ఇది. అందుకే దీని మీదా పేచీ ఉంది. 2020లో రాష్ట్రం చట్టం మార్చి ఎంపికలో తన పట్టు పెంచుకోబోతే, 2022లో సుప్రీంకోర్టు దాన్ని ఆపింది.

జయపురం పేరు వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్స్ కళాశాలకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు పెట్టింది ఆయన ఇచ్చిన విరాళాల వల్లే. ఆ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినాయన ఇప్పుడు ఆ రాజు పేరు మీదున్న విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్. తెలుగు బంధం వెతుక్కునేవాళ్లకు నాకు తెలిసినంతలో ఇదే గట్టిది.

‘ఏజెన్సీ’ అనే మాట ఎక్కడిది

ఇక అసలు చిక్కు. రాయగడ, కోరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాల్లో గవర్నర్ పదవి బరంపురంలో ఉన్నంత చిన్నది కాదు.

మనం కొండ ప్రాంతాన్ని ఏజెన్సీ అంటాం. ఆ మాట 1839 నాటి చట్టం నుంచి వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండల్లో మామూలు చట్టాలు, మామూలు కోర్టులు పనికిరావని తెల్లవాళ్లు తేల్చి, అక్కడి కలెక్టర్లను మద్రాసు ‘గవర్నర్‌కు ఏజెంట్లు’గా చేశారు. ఏజెంట్ ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ అయింది. అంటే మన కొండలకూ గవర్నర్ కుర్చీకీ ఉన్న సంబంధం ఒడిశా రాష్ట్రం కంటే పాతది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు కోరాపుట్ ప్రాంతం, గంజాంలో చాలా భాగం మద్రాసు నుంచి విడిపోయాయి. రాష్ట్రం మారినా ఆ ఏర్పాటు పోలేదు. రాజ్యాంగం వచ్చాక అది అయిదో షెడ్యూల్ రూపంలో నిలిచింది. తెల్లవాళ్లకు కావలసింది కొండల మీద అదుపు. రాజ్యాంగం కోరింది ఆదివాసీలకు రక్షణ.

ఏ ఊరు ఇందులోకి వస్తుందో తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే తడబడేది ఇక్కడే. పాత అవిభక్త కోరాపుట్ జిల్లా, అంటే ఇప్పటి నాలుగు జిల్లాలూ పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే అయిదో షెడ్యూల్ వర్తించే చోటు. గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి వైపు, గుమ్మ, రాయగడ బ్లాకులు మాత్రమే వస్తాయి. పర్లాకిమిడి పట్టణం రాదు, బరంపురం రాదు. గజపతి జిల్లాలోని రాయగడ బ్లాకు వేరు, మా రాయగడ జిల్లా వేరు. ఈ పేర్ల గందరగోళంలో కాగితాలు తప్పుడు ఆఫీసుకు వెళ్లడం కూడా ఉంది. మొత్తం మీద ఒడిశా విస్తీర్ణంలో 44 శాతానికి పైగా షెడ్యూల్డ్ ప్రాంతమే.

ఈ ప్రాంతంలో గవర్నర్‌కు మూడు ప్రత్యేక పనులు. పాలన ఎలా ఉందో రాష్ట్రపతికి ఏటా నివేదిక పంపాలి. పార్లమెంటు చేసిన చట్టమైనా, శాసనసభ చేసిన చట్టమైనా ‘ఇది ఇక్కడ వర్తించదు’ అనో, ‘ఈ మార్పులతో వర్తిస్తుంది’ అనో ప్రకటన ఇవ్వవచ్చు. అన్నిటికంటే పెద్దది, శాంతి సుపరిపాలనల కోసం సొంతంగా రెగ్యులేషన్, అంటే చట్టంలా పనిచేసే నిబంధన, చేయవచ్చు. ఆదివాసీ భూమి చేతులు మారకుండా ఆపడం, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడం అందులో ముఖ్యమైనవి. దానికి గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం పొందాలి. ఇరవై మందికి మించని ఆ మండలిలో ముప్పాతిక వంతు ఆదివాసీ ఎమ్మెల్యేలు ఉండాలి.

రెండో నంబరు రెగ్యులేషన్, మా పెదనాన్న స్థలం

అలా పుట్టిందే ఒడిశాలోని 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్. కొండ దిగితే వినిపించే 1/70 అనే ఆంధ్ర ఏజెన్సీ భూ చట్టానికి ఇది దాయాది. రెండింటికీ మూలం మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల కోసం 1917లో చేసిన చట్టం. మైదానాల నుంచి వచ్చిన షావుకారు ఉప్పూ బట్టా అప్పిచ్చి, రెండు పంటలు తిరిగేసరికి పొలం రాయించుకోవడం ఆ రోజుల్లో మామూలు. ఆ షావుకార్లలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఈ మాట మన సభల్లో ఎవరూ ఎత్తరు.

రెండు చట్టాలకూ ఒక పెద్ద తేడా ఉంది. కొండ దిగువన ఆంధ్ర ఏజెన్సీ గ్రామాల్లో 1/70 ప్రకారం ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదు. ఒడిశా రెగ్యులేషన్ పట్టించుకునేది ఆదివాసీ నుంచి చేతులు మారే భూమిని మాత్రమే. అందుకే రాయగడ పట్టణంలో ఇద్దరు తెలుగువాళ్ల మధ్య ఇంటి స్థలం రిజిస్ట్రేషన్ అవుతుంది. అది చూసి, ఇక్కడ అన్నీ నడుస్తాయనుకుంటారు జనం.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక ఆదివాసీ రైతు 1980లో అధికారి రాతపూర్వక అనుమతితో గిరిజనేతరుడికి భూమి అమ్మాడనుకోండి, చెల్లుతుంది. అప్పట్లో అనుమతి ఉంటే అమ్మవచ్చు. అదే 1980లో అనుమతి లేకుండా అమ్మితే చెల్లదు. 2002లో సవరణ వచ్చాక అనుమతి తలుపు కూడా మూసేశారు. ఆదివాసీ భూమి ఆదివాసీకే వెళ్లాలి. ఆ తరవాత గిరిజనేతరుడు కొన్నది ఎన్నేళ్లు దున్నుకున్నా, ఇల్లు కట్టుకున్నా కొనుగోలు కాదు. తిరిగి అసలు హక్కుదారుకు ఇప్పించే అధికారం సబ్‌కలెక్టర్‌ది. మా పెదనాన్న కొన్నది 2002 తరవాత, అదీ తెల్లకాగితం మీద.

ఈ తలుపు మళ్లీ తెరవాలన్న ప్రయత్నం ఒకటి జరిగింది. 2023 నవంబర్‌లో అప్పటి నవీన్ పట్నాయక్ మంత్రివర్గం, సబ్‌కలెక్టర్ అనుమతితో ఆదివాసీలు గిరిజనేతరులకు భూమి బదిలీ చేయడానికి, ఇల్లు, పై చదువు, వ్యాపారం లాంటి అవసరాలకు తాకట్టు పెట్టడానికి వీలు కల్పిస్తూ సవరణకు ఒప్పుకుంది. రోజుల వ్యవధిలోనే గొడవ లేచింది, నిర్ణయం ఆగిపోయింది, తరవాత వెనక్కి పోయింది.

రెండు వైపులా వాదన ఉంది. అయిదెకరాలున్న ఆదివాసీ రైతు కూతురిని నర్సింగ్ చదివించాలంటే, ఆ భూమి కాగితం చూసి బ్యాంకు అప్పు ఇవ్వదు. వేలం వేసినా గిరిజనేతరుడు కొనలేని ఆస్తి బ్యాంకుకెందుకు? అప్పుడు ఆ రైతు వెళ్లేది ఎవరి దగ్గరికో మనకు తెలుసు. చట్టం కాపాడాలనుకున్నవాడినే వడ్డీ వ్యాపారి వాకిట్లోకి నెడుతోందని సవరణ కోరినవాళ్లు అంటారు. కొట్టిపారేసే మాట కాదిది. అవతలివాళ్లు ఇంకో ప్రశ్న అడుగుతారు: అనుమతి ఉన్న 1956–2002 మధ్య ఏం జరిగింది? బాకీ ఉన్నవాడి చేత దరఖాస్తు మీద వేలిముద్ర వేయించడం షావుకారుకు ఎంతసేపు? ఒకసారి పోయిన భూమి కాగితం మీద తిరిగి వచ్చినా, సాగులోకి రావడానికి తరం పడుతుంది. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. కాకపోతే బ్యాంకు అప్పు సంగతికి జవాబు చెప్పకుండా తలుపు మూసి కూర్చోవడం సగం పనే.

చట్టసభ చేసే చట్టమైతే గవర్నర్ చివర్లో సంతకం చేసే మనిషి. రెగ్యులేషన్ అయితే చేసేదే ఆయన పేరు మీద. గవర్నర్ కలం ఇలాంటి చోట ఏం చేయగలదో పక్క రాష్ట్రంలో చూశాం. 2016లో ఝార్ఖండ్ ప్రభుత్వం ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణాల కౌలు చట్టాలను సడలిస్తూ బిల్లులు పాస్ చేయిస్తే, 2017లో గవర్నర్ వాటిని వెనక్కి పంపారు. ఆ గవర్నర్ ద్రౌపది ముర్ము, ఇప్పటి రాష్ట్రపతి, ఒడిశా మయూర్‌భంజ్ ఆడబిడ్డ. ఆ బిల్లులు తెచ్చిన ముఖ్యమంత్రి రఘుబర్ దాస్. 2023 నవంబర్‌లో ఒడిశా మంత్రివర్గం సవరణకు ఒప్పుకున్నప్పుడు ఇక్కడ గవర్నర్‌గా ఉన్నదీ ఆ దాస్ గారే. ఒక్కోసారి నిజం ఇంత చక్కగా కుదురుతుంది.

ఆ కలం గవర్నర్‌దా, మంత్రివర్గానిదా

అయిదో షెడ్యూల్ కింద గవర్నర్ సొంతంగా నిర్ణయం తీసుకోవచ్చా? న్యాయ నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. షెడ్యూల్‌లో ‘గవర్నర్ చేయవచ్చు’ అనే ఉంది, సలహా మండలిని సంప్రదించమనే ఉంది, మంత్రివర్గం ఊసు లేదు, కాబట్టి ఇది ఆయన సొంత బాధ్యత అని ఒక వర్గం. ఎన్నికైన ప్రభుత్వాన్ని దాటి నియమితుడైన మనిషి చట్టాలు చేయడం ఏం ప్రజాస్వామ్యమని ఇంకో వర్గం. ఆచరణలో రెండోదే నడుస్తోంది. సలహా మండలికి ముఖ్యమంత్రే అధ్యక్షుడు కావడంతో, సలహా అడిగేదీ ఇచ్చేదీ ఒకే ఇల్లు అవుతోందన్న విమర్శ ఉంది. ఏటా వెళ్లాల్సిన నివేదికలు ఆలస్యమవుతాయన్న ఫిర్యాదూ పాతదే.

అధికారానికి హద్దు ఎక్కడో చెప్పిన కేసు మన భాష ప్రాంతానిదే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ ఉద్యోగాలు నూటికి నూరు ఆదివాసీలకే అంటూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో జీవో 3 ఇచ్చింది, గవర్నర్ అధికారం పేరు మీద. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఉన్న చట్టాన్ని వద్దనడానికో, మార్చడానికో ఆ ప్రకటన పనికొస్తుంది తప్ప కొత్త చట్టం పుట్టించడానికి కాదని, ప్రాథమిక హక్కులను దాటిపోకూడదని చెప్పింది.

గవర్నర్ దాకా వెళ్లకుండానే గ్రామసభ గెలిచిన సందర్భమూ ఇక్కడే ఉంది. 2013లో నియమగిరి బాక్సైట్ గనుల మీద సుప్రీంకోర్టు గ్రామసభల మాట అడగమంటే, రాయగడలో ఏడు, కలహండిలో అయిదు, పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి.

ఇంత చెప్పాక తెలుగువాడి సంగతి తేలిపోతుంది. గవర్నర్‌కు మన జిల్లాల్లో ఉన్న అదనపు బలం ఆదివాసీ కోసం. తెలుగు గిరిజనేతరుడి కోసం కాదు. చాలాసార్లు అతనికి ఎదురుగా నిలబడేదే ఆ బలం.

మిగిలిన రెండు కోరికలు

తెలుగు మాస్టారి విషయంలో రాజ్యాంగం మన పక్షానే ఉంది, కానీ చిరునామా వేరు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చూడమని 350ఎ అధికరణం రాష్ట్రాన్ని, స్థానిక సంస్థలను అడుగుతుంది. చేయకపోతే ఆదేశాలు ఇవ్వగలిగేది రాష్ట్రపతి. ఫిర్యాదులు చూడటానికి 350బి కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ పదవి ఉంది. ఈ రెండూ 1956లో వచ్చాయి, భాషల వారీగా రాష్ట్రాలు గీసినప్పుడు గీతకు అటూ ఇటూ మిగిలిపోయే మనలాంటివాళ్ల కోసమే. కాబట్టి అర్జీ జిల్లా విద్యాశాఖ అధికారికి, ఒక ప్రతి కమిషనర్‌కు వెళ్లాలి. బడిలో తెలుగు పిల్లలు ఎంతమందో పేర్లతో జత చేయాలి.

రైలు పూర్తిగా కేంద్రానిది. రాయగడ రైల్వే డివిజన్ భవనానికి 2025 జనవరి 6న ప్రధాని శంకుస్థాపన చేశారు. పగటి రైలు సంగతి అడగాల్సింది ఆ డివిజన్‌ను, కోరాపుట్ ఎంపీని. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న సరిహద్దు కొటియా ఊళ్ల తగాదా తీర్చమని కూడా కొందరు గవర్నర్‌కు రాస్తున్నారు. రెండు రాష్ట్రాల మధ్య వ్యాజ్యం వినేది సుప్రీంకోర్టు, 1968లో అక్కడికి వెళ్లిన సంగతి అది.

ఇదంతా పెదనాన్నకు చదివి వినిపించాను. బడి అర్జీ, రైలు అర్జీ విడివిడిగా రాయించుకుని ఆ సాయంత్రమే పోస్టులో వేయించారు. స్థలం గురించి చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, “మరి నేనిచ్చిన డబ్బు?” అన్నారు.

భూమి ఎలా వెనక్కి వెళ్లాలో రెగ్యులేషన్‌లో చదివాను గానీ, తెల్లకాగితం మీద ఇచ్చిన డబ్బు సంగతి ఏం చెప్పాలో నాకు తోచలేదు. అమ్మిన ఇంటి కుర్రాడు స్టేషన్ దగ్గర ఆటో తోలుతాడు, పండగకి వచ్చి పెదనాన్నకు దండం పెట్టి వెళ్తాడు. మూడో అర్జీ ఇంకా బల్ల మీదే ఉంది.